క్యూకఱ్ఱ కొనకు దంతపు పొన్ను

రోకలి నెఱిగినవారికి పొన్ను అనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. దెబ్బ తగిలిన కొలదియు కఱ్ఱ కొనయందలి నారలు విడివడి చీలిపోవును. అట్లు చీలకుండ ఆ కొనకు బిగించిన కట్టే పొన్ను. చేతికఱ్ఱకును, గొడుగుకఱ్ఱకును ఇట్టిదే యుండును. బల్లపై బంతులతో ఆడు బిలియర్డ్సు, పూల్, స్నూకర్ ఆటలలో బంతిని పొడుచుటకు వాడు క్యూకఱ్ఱకు సయితము కొనయందొక పొన్ను కలదు. దాని పొడవు సాధారణముగ ఒక అంగుళమునకు మించదు. పైన తోలుబిళ్ళకును, క్రింద సన్నని కఱ్ఱకును నడుమ అది తెల్లని యుంగరము వలె కనుపించును. చూచువారు దానిని సొగసుకొఱకు పెట్టినదని తలంతురు. కఱ్ఱకు ప్రాణరక్షణ చేయునది అదియే.

ఈ చిన్న వస్తువు నెట్లు చేసిరి, దేనితో చేసిరి, ఎందులకు మార్చిరి అని విచారించినచో రెండువందల యేండ్ల పనివాండ్ర నేర్పును, వారి నేర్పునకు ఏనుగులు చెల్లించిన మూల్యమును మన కన్నుల యెదుట నిలుచును. పాతకాలపు అమెరికా పూల్ క్యూల యందలి పైకఱ్ఱ, పొన్నుల నిర్మాణమును గూర్చి ఈ ప్రసంగమున కొంత ముచ్చటింతము.

మొదట క్యూకు పొన్ను లేదు. అసలు క్యూయే లేదు. బిలియర్డ్సు ఆట ఐరోపా ఖండమున పచ్చికపై ఆడిన ఆటనుండి పుట్టి, పదునైదవ శతాబ్దమున ఇంటిలోని బల్లపైకి ఎక్కినది. బల్లపై పఱచు ఆకుపచ్చని బట్ట ఆ పచ్చికకు గుర్తని చెప్పుదురు. ఆ కాలమున బంతిని పొడుచుట లేదు, నెట్టుట మాత్రమే. దానికి వాడిన సాధనమును మేస్ అనిరి. సన్నని పిడి చివర అడ్డముగ ఒక కొయ్యదిమ్మె యుండెడిది. బంతి బల్లయంచునకు చేరినపుడు ఆ దిమ్మె అడ్డుపడెడిది. అపుడు ఆటగాండ్రు మేసును త్రిప్పి, పిడివైపు కొనతో బంతిని పొడిచెడివారు. ఆ పిడికొనకు ఫ్రెంచి భాషలో తోక యను అర్థముగల పేరు వచ్చినది. ఆ తోకయే క్యూ. కాలక్రమమున తల పోయి తోకయే మిగిలినది.

ఐనను వట్టి కఱ్ఱకొన నునుపైన దంతపు బంతిపై జాఱిపోవును. బంతికి నట్టనడుమ పొడిచినగాని దెబ్బ కుదరదు. ఈ యిబ్బందిని తొలగించిన ఖ్యాతి ఫ్రాన్సు దేశపు సైనికోద్యోగి కెప్టెన్ మింగో గారికి దక్కినది. ఆయన పారిసులో చెఱయందుండగా బిలియర్డ్సును దీక్షతో అభ్యసించెననియు, 1807లో విడుదలయగు నాటికి క్యూకొనకు తోలుబిళ్ళ నంటించు పద్ధతి నాయన చేపట్టెననియు చెప్పుదురు. తోలు బంతిని పట్టుకొనును. దానిపై సుద్ద రాచినచో ఇంకను గట్టిగ పట్టుకొనును. ఇంగ్లండులోని బాత్ నగరమున కార్ అను బిలియర్డ్సు మార్కరు, బంతికి ప్రక్కదెబ్బ నిచ్చి త్రిప్పు విద్యను జనులకు చూపి, అది తన సుద్ద మహిమయని ఆ సుద్దనే అమ్ముకొనెనను కథ బిలియర్డ్సు గ్రంథములలో ప్రసిద్ధము.

ఈ రెండు చిన్న మార్పులతో ఆట స్వభావమే మాఱినది. బంతిని ముందునకు దొర్లించుట, వెనుకకు లాగుట, ప్రక్కకు త్రిప్పుట సాధ్యమయ్యెను. కాని ప్రతి సౌకర్యము వెనుకను ఒక కొత్త చిక్కు వచ్చును గదా! ఆటగాండ్రు బలముగ, నడుమకు తొలగి, ప్రక్కలకు పొడువ నారంభించిరి. ఆ దెబ్బల భారమంతయు కఱ్ఱకొనపై పడినది.

ఇచట కఱ్ఱయొక్క స్వభావమును కొంచెము తెలిసికొనవలయును. కఱ్ఱ అనునది నిలువుగ పేర్చిన సన్నని గొట్టముల కట్ట వంటిది. నిలువున వచ్చిన బరువును అది చక్కగ మోయును. కాని ఆ గొట్టములను ఒకదానినుండి మఱియొకదానిని విడదీయుట సులభము. కట్టెలు చీల్చు ప్రతివారికిని ఇది తెలియును. క్యూకొన మందము పదమూడు మిల్లీమీటర్లు మాత్రమే. తోలుబిళ్ళ ఒక ప్రక్కగ బంతిని తాకినపుడు ఆ కొనయందు ఒకవైపు నారలు నలుగును, రెండవవైపు నారలు విడివడ జూచును. వేలకొలది దెబ్బలకు కొన కుంచె వలె విచ్చుకొనును. దానికి విరుగుడు రోకలికి మన పెద్దలు కనుగొన్నదే: చుట్టును ఒక కట్టు వేయుట.

పొన్నును గూర్చి చెప్పుటకు ముందు అది కాపాడు కఱ్ఱ యెట్టిదో చెప్పవలయును. అమెరికా పూల్ క్యూ మొత్తము పొడవు సుమారు యేబదియేడు, యేబదియెనిమిది అంగుళములు. జోడింపు క్యూలలో అది రెండు భాగములు: చేత పట్టుకొను మొదలు, ముందుండు పైకఱ్ఱ. పైకఱ్ఱ పొడవు ఇరువదితొమ్మిది అంగుళములకు అటునిటుగ నుండును. మొదలు సొగసుకొఱకు, నల్లచేవయు రోజ్‌వుడ్డును పొదిగి కోణముల చిత్రములు దానిపై తీర్చుదురు. పైకఱ్ఱకు సొగసుతో పని లేదు. అది తిన్నగ నుండవలయును, గట్టిగ నుండవలయును, తిన్నగనే నిలిచి యుండవలయును. దీనికై వారు ఉత్తర అమెరికా అడవులయందు పెరుగు గట్టి మేపుల్ చెట్టును ఎన్నుకొనిరి. అది తెల్లనిది, నారవరుస దగ్గఱగ నుండునది, చేతిలో నునుపుగ జాఱునది.

మేపుల్ పలకలన్నియు పైకఱ్ఱకు పనికిరావు. నారవరుస ఒక కొననుండి మఱియొక కొనవఱకు తిన్నగ సాగవలయును. ఆ వరుస మధ్యలో ప్రక్కకు తొలగినచో ఆ కఱ్ఱ ఎన్నటికైనను వంగును. పనివాండ్రు ముందు చతురపు కడ్డీలు కోసి, నెమ్మదిగ ఆఱనిచ్చి, పిదప తరిమెనపై కొంచెము కొంచెముగ గుండ్రని రూపునకు తెచ్చెడివారు. ఒక్కమాఱుగ తుదిరూపునకు చెక్కరు. పైపొర తీసిన ప్రతిమాఱును లోపలి బిగువు సడలి కఱ్ఱ కదలును. కావున ఒకసారి తరిమెన పట్టి వారములు, నెలలు వ్రేలాడగట్టి, మఱల పట్టెడివారు. ఆ నడుమ వంగినవానిని ఏఱి పాఱవైచెడివారు. ఇట్లు మిగిలినదే తుదకు క్యూ అగును. మొదటివైపు ఇరువదియొక్క మిల్లీమీటర్లుండు మందము కొనవైపునకు పదమూడునకు తగ్గును. ఐతే ఆ సన్నబడుట ఏకరీతిగ నుండదు. కొననుండి సుమారు అడుగు పొడవునకు మందము ఇంచుమించు సమముగ నుంచి, ఆపై క్రమముగ లావు చేయుదురు. ఆటగాని యెడమచేతి వ్రేళ్ళ నడుమ కఱ్ఱ ముందునకు వెనుకకు సాగునపుడు పట్టు మాఱకుండుటకే ఈ యేర్పాటు.

ఇట్లు సిద్ధమైన పైకఱ్ఱ కొనను మఱికొంత సన్నగ చెక్కి, వడ్రంగులు కుసె అని చెప్పు మొనను తీయుదురు. పొన్నును నడుమ తొలిచి, ఆ కుసెపై తొడిగి, జిగురుతో నిలుపుదురు. పిదప రెంటిని కలిపి మఱల తరిమెన పట్టినచో కఱ్ఱకును పొన్నునకును నడుమ అతుకు వ్రేలికి తెలియదు. ఈ తొడుగుటలో రెండు పద్ధతులుండెను. మొదటిది, కుసె పొన్నును దాటి పైవఱకు వచ్చుట. అపుడు తోలుబిళ్ళ కొంత కఱ్ఱపైనను, కొంత పొన్నుపైనను నిలుచును. రెండవది, పొన్ను పైభాగమును తొలువక మూత వలె నుంచుట. అపుడు కఱ్ఱ పూర్తిగ కప్పబడి తోలుబిళ్ళ పొన్నుపై మాత్రమే నిలుచును. దెబ్బ బలమును చుట్టు పంచుటలో మూత పద్ధతి మేలు. తోలుబిళ్ళ మార్చునపుడు కఱ్ఱకొన చెడకుండుట దాని మఱియొక లాభము. జిగురుపై నమ్మకము చాలనివారు కుసెకును, పొన్ను లోపలను మరచుట్లు కోసి బిగించెడివారు.

ఇక పొన్ను దేనితో చేయవలయును? అది గట్టిగ నుండవలయును గాని పెళుసుగ నుండరాదు. తరిమెనపై చక్కగ తెగవలయును. జిగురును పట్టవలయును. చూడ ముచ్చటగ నుండవలయును. పందొమ్మిదవ శతాబ్దపు పనివాండ్రకు ఈ గుణములన్నియు ఒకచోట దొరకిన వస్తువు ఏనుగుదంతము. బిలియర్డ్సు బంతులును దంతముతోనే చేయబడెడివి గావున దానిని తరిమెన పట్టు నేర్పు ఆ వృత్తియందు ముందే యున్నది.

కాని దంతమునకును దోషములు కలవు. అదియు పొరపొరలుగ పెరిగిన పదార్థమే. గాలిలోని తేమను పీల్చును, విడుచును. నిలువునకును అడ్డమునకును వేఱువేఱుగ వ్యాకోచించును. దానిలోపలి కఱ్ఱ కుసెయు ఉబ్బును, ముడుచుకొనును. పదమూడు మిల్లీమీటర్ల పొన్నులో ఎనిమిది మిల్లీమీటర్ల కుసె యున్నచో దంతపు గోడ మందము రెండున్నర మిల్లీమీటర్లే. వానకాలమున లోపలి కఱ్ఱ ఉబ్బినచో ఆ పలుచని గోడ నిలువున పగులును. పాత క్యూలను పరీక్షించువారు ముందుగ వెదకునది ఈ వెండ్రుకవంటి పగులునే. మంచి పనివాడు కుసెను మఱీ బిగువుగ తొడుగడు. ఎండకును వానకును అది కదలుటకు రవంత చోటు విడుచును. నేర్పంతయు ఆ రవంతలోనే యున్నది.

దంతము నడుగుటకు అమెరికాలో ఆటగాండ్రు పెరిగిరి. 1845లో జాన్ బ్రన్స్‌విక్ సిన్సినాటి నగరమున బిలియర్డ్సు బల్లల తయారి నారంభించెను. 1850లో మైకేల్ ఫెలాన్ బిలియర్డ్సుపై గ్రంథము వ్రాసెను. 1859లో డెట్రాయిట్ నగరమున ఆయనకును సీరైటర్ అను ఆటగానికిని పదునైదువేల డాలర్ల పందెముతో పోటీ జరిగినది. పూల్ అను పేరును పందెమునకు సంబంధించినదే. అందఱును కలిపి వేసిన పందెపు సొమ్మునకు అది పేరు. ఆట వ్యాపించిన కొలది దంతము ధర పెరిగినది. ఒక దంతమునుండి మేలైన బంతులు కొలదిగ మాత్రమే వచ్చును. 1863లో ఫెలాన్, కొలెండర్ల సంస్థ దంతమునకు బదులు పదార్థమును కనుగొన్నవారికి పదివేల డాలర్ల బహుమానమును ప్రకటించినది. ఆ ప్రకటనకు ఆకర్షితుడై ఆల్బనీ నగరపు జాన్ వెస్లీ హయ్యట్ ప్రయోగములు చేసి, సెల్యులాయిడ్ అను కొత్త పదార్థమును తయారుచేసెను. నేడు మన చుట్టు కనుపించు ప్లాస్టిక్ వస్తువుల వంశమున అది తొలితరమునకు చెందినది.

ఇచట ఒక విచిత్రము గలదు. దంతము లేనిదే ఆట లేదనుకొన్న బంతులే క్రమక్రమముగ దంతమును విడిచినవి. కాని పొన్ను విడువలేదు. ఆటశాలలలో అందఱు వాడు క్యూలకు ఫైబరు పొన్నులు వచ్చినవి. కాగితపు పొరలను రసాయనములతో అదిమి గట్టిపఱచిన పదార్థమే యీ ఫైబరు. దాని తయారికి 1859లోనే ఇంగ్లండులో టామస్ టేలర్ పేటెంటు పొందెను. అది చౌక, పగులదు. కాని దెబ్బలకు నెమ్మదిగ నలిగి అంచు ఉబ్బును. పిదప ప్లాస్టిక్ పొన్నులు వచ్చినవి. ఐనను తన క్యూను తాను ప్రత్యేకముగ చేయించుకొను ఆటగాడు మాత్రము దంతమునే కోరెను. దంతపు పొన్నుతో దెబ్బ గట్టిగ, నిండుగ తగులుననియు, చెవికి ఆ చప్పుడు ఇంపుగ నుండుననియు నమ్మెను. గోడకానించిన ఆటశాల క్యూకును, పెట్టెలో పెట్టి తెచ్చుకొను సొంత క్యూకును ఆ తెల్లని యుంగరమే భేదము చూపునదాయెను.

ఇంగ్లండు దారి వేఱు. అచట స్నూకర్ ఆటగాండ్రు యాష్ కఱ్ఱనును మేపుల్‌నును వాడి, కొనను ఇంకను సన్నముగ, తొమ్మిది పది మిల్లీమీటర్ల మందమునకు తెచ్చి, పొట్టి యిత్తడి పొన్నును తొడిగిరి. అంత సన్నని కొనకు దంతపు గోడ నిలువదు, ఇత్తడి నిలుచును. ఈ స్నూకర్ ఆట మన దేశముననే పుట్టినది. 1875లో జబల్పూరులోని సైనికాధికారుల నివాసమున నెవిల్ చాంబర్లిన్ అను యువ సైనికాధికారి దానిని కల్పించెననియు, పిదప ఉదకమండలపు క్లబ్బులో నియమములు వ్రాసి పెట్టిరనియు ప్రసిద్ధి. కావున మన క్లబ్బులలోని పాత క్యూలలో యాష్ కఱ్ఱ, ఇత్తడి పొన్ను తఱచుగ కనుపించుటలో వింత లేదు. దంతపు పొన్నుతో మేపుల్ కఱ్ఱ కనుపించినచో అది అమెరికా పద్ధతికి చెందినదని ఊహింపవచ్చును.

అమెరికాలో ఇరువదవ శతాబ్దపు నడుమ ఈ విద్య కొందఱు ఏకాంత శిల్పుల చేతులలో పరాకాష్ఠ నందినది. షికాగో నగరమున హెర్మన్ రాంబో చిరకాలము బ్రన్స్‌విక్ సంస్థలో పనిచేసి, ప్రఖ్యాత ఆటగాండ్రకు క్యూలు చేసియిచ్చెను. రష్యాలో 1912లో పుట్టి, 1924లో అమెరికాకు వచ్చిన జార్జి బలబుష్కా బ్రూక్లినులో వడ్రంగపు పనితో జీవించుచు, 1959లో మిత్రులకొఱకు క్యూలు చేయ నారంభించెను. ఆటశాలలలోని సాధారణ క్యూల మొదళ్ళను కోసి, వానికి కొత్త జోడింపును, కొత్త పైకఱ్ఱనును అమర్చుట ఆయన తొలి పద్ధతి. ఆ గోడకానించు కఱ్ఱనుండియే సంగ్రహాలయములలో దాచుకొనదగిన వస్తువు పుట్టినది. 1961లో పూల్ ఆటగాని కథతో వచ్చిన హస్లర్ చలనచిత్రము ఆ ఆటపై జనులకు మఱల మోజు కలిగించినది. బలబుష్కా 1975లో మరణించెను. అప్పటినుండి ఆయన క్యూల విలువ పెరుగుచునే యున్నది.

దంతపు పొన్ను మహిమను గూర్చిన నమ్మకమును తుదకు శాస్త్రమే ప్రశ్నించినది. తోలుబిళ్ళ బంతిని తాకియుండు కాలము ఒక క్షణములో సుమారు వేయవ వంతు మాత్రమే. ఆ లోపుననే యంతయు జరుగవలయును. బంతిని నడుమకు కుడివైపున పొడిచినచో బంతి ఆటగాడు చూచిన దారినుండి కొంచెము ఎడమకు తొలగును. ఆ తొలగుట ఎంత యనునది క్యూయొక్క ముందు కొలది అంగుళముల బరువును బట్టియుండును. కొన తేలికయైనచో బంతికి దారి యిచ్చి తాను ప్రక్కకు జరుగును. బరువైనచో తాను కదలక బంతినే ప్రక్కకు నెట్టును. దంతము మేపుల్ కఱ్ఱకంటె రెట్టింపునకు మించిన సాంద్రత కలది. అనగా నూరేండ్లు ఆటగాండ్రు నిండుదనమని మెచ్చుకొన్న గుణమే బంతిని గుఱి తప్పించుచుండెను! వారు దానిని లెక్కకు తెలియకయే చేతి యభ్యాసముతో సరిదిద్దుకొనిరి. 1990 తరువాత వచ్చిన పైకఱ్ఱలలో కొనను లోపల తొలిచి, పొన్నును పొట్టిదిగ, పలుచనిదిగ, తేలికగ చేసిరి. ఇపుడు కార్బన్ పోగులతో చేసిన కఱ్ఱలును వచ్చినవి.

ఆ లోపల లోకమును మేలుకొన్నది. మన దేశమున 1972లో వన్యప్రాణి రక్షణ చట్టము వచ్చినది. 1986 సవరణతో భారతదేశపు దంతము వ్యాపారమును, 1991 సవరణతో ఆఫ్రికా దంతము వ్యాపారమును నిషేధింపబడినవి. ఆసియా ఏనుగు దంతముపై 1975లోను, ఆఫ్రికా ఏనుగు దంతముపై 1990లోను అంతర్జాతీయ వ్యాపార నిషేధములు అమలునకు వచ్చినవి. 2016లో అమెరికా దేశము తన సరిహద్దులలోపలి వ్యాపారమును కూడ, కొలది మినహాయింపులు తప్ప, ఆపినది. ఒక అంగుళపు పొన్నుకొఱకు ఏనుగును చంపరని కొందఱనవచ్చును. కాని అంగుళములన్నియు కలిసియే దంతమగును. చిన్న కోరికలన్నియు కలిసియే పెద్ద వేట యైనది.

ఇక మన యెదుట నొక ప్రశ్న నిలుచుచున్నది. ఇదివఱకే చేయబడి, ఇండ్లలోను క్లబ్బులలోను మిగిలియున్న పాత క్యూల నేమి చేయవలయును? పొన్ను పగిలినచో దానిని ఊడదీసి ప్లాస్టిక్ పొన్నును తొడుగుట సులభము. కఱ్ఱ మురికియైనచో గరుకు కాగితముతో రుద్ది తెల్లపఱచుట ఇంకను సులభము. కాని రుద్దిన ప్రతిసారియు కఱ్ఱ సన్నగిలును. ఆ పాత పనివాడు నెలలపాటు ఓర్పుతో సాధించిన వాలు చెడిపోవును. పొన్ను ఊడదీసినచో కుసె యెట్లు తీసిరి, మరచుట్లు కోసిరా, మూత విడిచిరా అను సాక్ష్యము నశించును. తమ పని విధానమును వ్రాసియుంచక వెళ్ళిన పనివాని గ్రంథము ఆ కుసెయే.

ఆడని క్యూ వట్టి కఱ్ఱగదా యని ఆటగాండ్రు ఆక్షేపింపవచ్చును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. దానికి ఉపాయమును ఆ పాత పనివాండ్రే చూపిరి. ఒక మొదలునకు రెండు పైకఱ్ఱలు చేసియిచ్చు ఆచారము వారిలో నుండెను. అట్లే నేడును పాత మొదలునకు కొత్త పైకఱ్ఱను, దంతము లేని పొన్నుతో, చేయించుకొని ఆడవచ్చును. పాత పైకఱ్ఱను ముట్టక, ఎండ తగులక తేమ చేరక యుండుచోట తిన్నగ నుంచి దాచవచ్చును. పగులు పెరుగుచున్నచో పలుచని జిగురుతో దానిని నిలుపవచ్చును. ఇట్లు చేసినచో ఆటయు సాగును, సాక్ష్యమును మిగులును, కొత్తగ ఏ ప్రాణికిని హాని యుండదు.

వస్తువుల చరిత్ర వ్రాయువారు సాధారణముగ పెద్దవానినే చూతురు. కోటలు, నౌకలు, యంత్రములు. ఒక అంగుళపు పొన్నులో అంతకు తక్కువకాని చరిత్ర యున్నది. చీలు కఱ్ఱను కాపాడవలెనన్న బుద్ధి, దానికై దూరపు అడవులను దోచిన ఆశ, ఆ యాశను మానిపించిన కొత్త పదార్థము, తుదకు తేలికయే మేలని తెలిసిన జ్ఞానము, అన్నియు ఆ తెల్లని యుంగరమున చుట్టుకొని యున్నవి. పాత క్యూ చేతికి వచ్చినపుడు మొదలుపైనున్న నగిషీని చూచి తృప్తిపడక, కొనవఱకు చూపు సారింతుము గాక.